భద్రయ్యకు ఇయ్యొద్దని చెప్పింది నేనే

ఒక మాట తొమ్మిదేండ్ల సంది కడుపుల పెట్టుకొని తిరుగుతున్న. మా ఇంటామెకు చెప్పలే. కలిసి పనిచేసినోళ్ళకు చెప్పలే. గోదారిల మునిగి లేచిన గానీ అక్కడ గూడ నోరు తెరవలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకేనేమో మీకు చెప్పబుద్ధైతుంది. జర ఓపిక పట్టి వినుండ్రి. మధ్యల ఆగితే మళ్ళ మొదలుపెట్టలేను.

నేను హోటల్ మనిషిని. భద్రాచలం పోయే రోడ్డు మీద ఒక ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ల చానా ఏండ్లు కెప్టెన్‌గ చేసిన. కెప్టెన్ అంటే పేరు పెద్దదే గానీ, పనేమో టేబుళ్ళ కాడ నిలబడి ఆర్డర్ రాసుకునుడు, వెయిటర్లను ఉరికించుడు. శని, ఆదివారాలు బొగ్గుబాయిల పనిచేసేటోళ్ళు పిల్లాజెల్లతోని వచ్చేది. రామయ్య దర్శనం చేసుకొని వాపసు పోయేటోళ్ళు గూడ ఆగేది. బిర్యానీ టేబుల్ మీదికి రావాలంటే అర్ధగంట. ఆ అర్ధగంటల పిల్లలు ఏడ్చుడు, పెద్దోళ్ళు మా మీద కసురుకునుడు. అది చూడలేక మా ఓనర్ ఒక మెజీషియన్‌ను మాట్లాడిండు.

ఆయనే భద్రయ్య. బూర్గంపాడు నుంచి బస్సుల వచ్చేటోడు. నా ఈడోడే. నల్లకోటు ఒకటే, కాలర్ కాడ వెలిసిపోయింది, గానీ ఎన్నడూ నలగనియ్యలే. ఓనర్ ఇచ్చేది రానుపోను బస్సు కిరాయి, రెండు పూటల తిండి. మిగిలింది టేబుళ్ళోళ్ళ దయ.

ఆట ఎట్లుండేదంటే, ఏం చెప్పాలె! టేబుల్ మీది ఉప్పు డబ్బా తీసి గుప్పిట్ల పోసుకునేటోడు, గుప్పిడి తెరిస్తే ఏం లేదు, ఆ ఉప్పు పిల్లగాని మోచేతి నుంచి రాలేది. ఆఖరికి ఒక టిష్యూ పేపర్ అడిగి, చేతులల్ల నలిపి, మెల్లగ గుంజితే మూరెడు మల్లెపూలు. ఆ పూలు ఇంటి ఆడామె చేతికి ఇచ్చేటోడు. అవి పొద్దున బస్టాండ్ కాడ సొంత పైసలతోని కొనుక్కొచ్చినయి. అది నాకొక్కనికే తెలుసు.

ఇంకోటి గూడ నాకొక్కనికే తెలుసు. కథంతా దాంట్లనే ఉంది.

భద్రయ్య చెయ్యి చాపేటోడు కాదు. టోపీ తిప్పుడు, పళ్ళెం పెట్టుడు, పిల్లల ముందట నిలబడి చూసుడు, ఏదీ లేదు. ఆయన గురువు నేర్పిండంట, చెయ్యి చాపితే బిచ్చం, చెయ్యి కలిపితే బహుమానం అని. ఆట అయినంక ఇంటిపెద్దతోని షేక్‌హ్యాండ్ చేసేటోడు. ఇయ్యాలనుకున్నోళ్ళు నోటు మడిచి ఆ చేతులనే పెట్టాలె. ఇచ్చింది ఎవరికి కనపడొద్దు, ఇయ్యనోళ్ళకు నామోషీ కావొద్దు. చూడుండ్రి, ఎంత మర్యాద. గానీ మా దిక్కు జనానికి ఇదేం ఎరుక? వెయిటర్‌కైతే బిల్లు మీద సోంపు కింద పెడతరు. మేజిక్ ఆయనకు ఎప్పుడియ్యాలె, ఎట్లియ్యాలె, ఇస్తే ఏమనుకుంటడో? అందుకే భద్రయ్య వచ్చిన మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి, ఎవరన్న అడిగితే జర చెప్పన్నా అని ఒప్పజెప్పిండు. సరే అన్న. రెండు నెలలు చెప్పిన గూడ. మంచిగనే నడిచింది.

అప్పుడు మా వెయిటర్ల టిప్పుల డబ్బా పలచబడ్డది. నాకు చెప్పుకున్నరు, ఆయనకిచ్చి మనకు చిల్లర పెడుతున్నరన్నా అని. వాళ్ళ కోసమే చేసిన అని చానా రోజులు నాకు నేను చెప్పుకున్న. నిజమేనా? కాదు. నాకు నేనే అబద్ధం చెప్పుకొని మోసపోయే వయసు దాటింది. అసలు సంగతి చెప్త. అన్ని ఏండ్ల సంది వేడి వేడి పళ్ళాలు మోసి జనానికి అన్నం పెట్టిన నేను. ఒక్క టేబుల్ నన్ను చూసి చప్పట్లు కొట్టలే. ఎట్లున్నవని అడగలే. ఆయన గుప్పెడు ఉప్పు మాయం చేస్తే కుర్చీల మీద నిలబడి కొట్టిండ్రు. అది చూస్తే నాకు కడుపుమంట. గంతే. గింత చిన్నదే, చెప్పుకోను సిగ్గయ్యేంత చిన్నది.

ఒక ఆదివారం, బాయిల పనిచేసే ఒకాయన జేబుల చెయ్యి పెట్టి నన్ను మెల్లగ అడిగిండు, ఆయనకేమన్న ఇయ్యాలె గద, ఎట్ల అని. నేను వంగి చెవుల చెప్పిన, వద్దు సార్, ఆయనకు ఓనర్ మంచి జీతమిస్తడు, ఎవరన్న పైసలిస్తే చిన్నబుచ్చుకుంటడు అని. ఆయన గబుక్కున చెయ్యి బయటికి తీసిండు. తప్పు చేయబోయి ఆగినోని లెక్క నాకు థాంక్స్ గూడ చెప్పిండు.

ఒక్కసారి అంటే అయిపోయేది. గానీ అందరికి అదే చెప్పుడు మొదలుపెట్టిన. వచ్చేటోళ్ళల్ల సగం మంది ఒక్క కాలనీల ఉండేటోళ్ళు, నేను చెప్పకముందే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నరు. మా జనం మంచోళ్ళు, పెద్దమనిషిని అవమానించొద్దని ఇచ్చేటోళ్ళ చెయ్యి పట్టి ఆపేది. ఇంక కొందరైతే షేక్‌హ్యాండ్ ఇస్తే తక్కువ చేసినట్టని లేచి నిలబడి రెండు చేతులెత్తి దండం పెట్టేది. భద్రయ్య ముందుకు చాపిన చెయ్యి మెల్లగ వెనక్కి తీసుకొని ఆయన గూడ దండం పెట్టేటోడు. నేను నీళ్ళ జగ్గు పట్టుకొని అక్కడనే ఉన్న. దొంగకు తేలు కుట్టినట్టు.

మూరెడు మల్లెలు జానెడైనయి. తర్వాత బంతిపువ్వు. తర్వాత టిష్యూ పేపర్‌తోనే చేసిన పువ్వు. మా వెయిటర్లు గూడ చూసి ఏందన్నా పూలు మారినయి అన్నరు. నాకు తెల్వదన్న.

ఇగ ఆ రోజు. నాలుగింటికి, గిరాకీ తగ్గినంక, వంటింటి ఎనుక మెట్ల మీద ఇద్దరం అన్నం తింటున్నం. ఆయన కలుపుతుండు గానీ తింటలేడు.

"అన్నా, నువ్వు వారం వారం చూస్తున్నవు. నిజం చెప్పు. నా ఆటల ఏమన్న లోపమున్నదా?" అన్నడు.

అడిగింది పైసల గురించి కాదు. పైసల గురించి అడిగినా బాగుండు. ఒప్పుకునేటోన్నేమో. ఆట గురించి అడిగిండు. లేదు భద్రయ్యా, నేనే వద్దన్న అనాలె. నాలుగు మాటలు. నాలిక మీదికి వచ్చినయి గూడ.

"జనం ఫోన్లల్ల అన్నీ చూస్తుండ్రు. నీ ఆట జరంత పాతబడ్డది" అన్న.

ఆయన కలిపిన అన్నం పక్కకు పెట్టిండు.

"అవ్ అన్నా. నాక్గూడ గట్లనే అనిపిస్తుంది. వేరేటోళ్ళైతే మొఖం మీద చెప్పరు. నువ్వు చెప్పినవు, మంచిది" అన్నడు.

చెయ్యి కడుక్కొని, తుడుచుకొని, నాతోని షేక్‌హ్యాండ్ చేసిపోయిండు. మరుసటి శనివారం రాలే. ఎన్నడూ రాలే.

పైసలు పోతే మళ్ళొస్తయి అంటరు. ఒక మనిషి తన చేతుల మీద పెట్టుకున్న నమ్మకం పోతే? అది నేను తీసుకున్న. అది నాకు పనికొచ్చింది గూడ కాదు. తీసుకొని ఏం చేసిన? చప్పట్లయితే నాకు మళ్ళలే.

నిరుడు మనుమరాలితోని భద్రాచలం పోయిన. కార్లు ఆపే జాగల టోకెన్లు చింపి ఇస్తున్న మనిషిని చూస్తే భద్రయ్య. నన్ను గుర్తుపట్టి సంతోషపడ్డడు. నేను తత్తరపడి, ఈ తాత మేజిక్ చేస్తడమ్మా అని పిల్లకు చెప్పిన. అది ఎగిరి, చెయ్ తాతా అన్నది. ఆయన దాని తల నిమిరి, "నాకు రాదు బిడ్డా. ఎన్నడో ఆడేటోన్ని, జనానికి నచ్చలే" అన్నడు. కోపంగ కాదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పిండు. ఎనుక కారు హారన్ కొడితే అటు ఉరికిండు. నేను చెప్పొచ్చు. పిల్లను పట్టుకొని పది అడుగులు వెనక్కి నడిస్తే చాలు. నడవలే.

ఇప్పుడు మీకు చెప్పిన. పానం జరంత తేలికైంది, అబద్ధమెందుకు. గానీ చెప్పాల్సింది మీకు కాదని నాకు తెలుసు. పోయి చెప్పే దమ్ము ఉంటే ఇది రాసేటోన్ని కాదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఇక్కడ పెడుతున్న.

భద్రయ్యా, ఆట పాతబడలే. టేబులోళ్ళు నన్ను అడిగిండ్రు, ఆయనకేమియ్యాలె, ఎట్లియ్యాలె అని. అడగనోళ్ళు గూడ నా మాట విని ఆగినోళ్ళే. వద్దన్నది నేను.