బ్యాటరీని తిట్టనివ్వని మా మిస్

రైలు టేకల్ దాటుతుండగా ఫోను మోగింది. నా చిన్ననాటి స్నేహితుడు. "మిస్ పోయినారప్పా," అన్నాడు. ఏ మిస్ అని నేను అడగలేదు. మా ఊరు ఊరిగాంలో మాకు చదువు చెప్పిన మిస్సులు చాలామంది ఉన్నారు కానీ, ముందు ఏ పేరూ తగిలించకుండా మిస్ అంటే మాకు ఒక్కరే. ఆఫీసుకు పోవడం మానుకుని మాలూరులో దిగి, వెనక్కి వచ్చే బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకుంటే నవ్వొచ్చింది. పక్కన టీ తాగుతున్నాయన నన్ను చూసి కాస్త దూరం జరిగాడు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మిస్ మాకు తొమ్మిదో తరగతిలో సైన్స్ చెప్పారు. మా ఊరి బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చి ఏళ్లు గడిచినా, తెల్లదొరల పాత కంపెనీ కట్టిన ఇళ్లలోనే మేమంతా ఉండే రోజులవి. మిస్ భర్త గనిలో సర్వేయరు. ఆయన జబ్బు చేసి పోయాక వాకిట్లో ఒక పాత తెల్ల కారు మిగిలింది. అమ్మేయమని వీధి వీధంతా సలహా ఇచ్చింది. మిస్ అమ్మలేదు, నడపడం నేర్చుకున్నారు. కొంగు నడుముకు దోపి, స్టీరింగు మీదికి వంగి ఆమె వస్తుంటే, షిఫ్టు ముగించి వచ్చే మా నాన్నలాంటివాళ్లు సైకిళ్లు దిగి పక్కకు నిలబడేవాళ్లు. అది గౌరవమని మిస్ అనుకునేవారు.

కరెంటు పాఠం ఆమె బోర్డు మీద చెప్పలేదు. బడి ఆవరణలో కారు బానెట్ ఎత్తి, మమ్మల్ని చుట్టూ నిలబెట్టారు. బెల్టుతో తిరుగుతున్న గుండ్రటి పరికరం ఒకటి చూపించారు.

"ఇది ఆల్టర్నేటరు. ఇంజిన్ దీన్ని తిప్పితే ఇది కరెంటు చేస్తాది. బ్యాటరీ ఉత్త కడవ. అందులో నీళ్లు పోసేది ఇది. బండి లేవకపోతే అందరూ బ్యాటరీనే తిడతారు. దానికి అన్నం పెట్టేవాడు పెట్టినాడా లేదా అని ఎవురూ అడగరు."

కార్ల విషయంలోనే కాదు, పిల్లల విషయంలోనూ ఆమెది అదే లెక్క. క్లాసులో ఎవడైనా కునికితే బెత్తం తీసేవారు కాదు. "పొద్దున ఏం తిన్నావప్పా?" అని అడిగేవారు. వాడు తల దించుకుంటే హ్యాండ్‌బ్యాగులోంచి బన్ను బయటికి వచ్చేది. ఆ బన్ను కోసం కడుపునిండా తిన్నవాళ్లం కూడా కునికేవాళ్లం.

కొన్నేళ్లకు నాకు కామసముద్రం అమ్మాయితో పెళ్లి కుదిరింది. ముహూర్తం ఉదయం పదిన్నరకు. మాట్లాడుకున్న టాక్సీ రాలేదు. "నేనుండానుగదా," అంటూ మిస్ తన కారు తెచ్చారు. ముందు సీట్లో మా మేనమామ, వెనక అమ్మా నాన్నల మధ్య బాసికంతో నేను.

ఊరు దాటగానే డాష్‌బోర్డు మీద చిన్న ఎర్ర దీపం వెలిగింది. రోడ్డుకు అడ్డంగా ఎనుము నిలబడి ఉంటే మిస్ హారన్ నొక్కారు. జలుబు చేసిన మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. ఎనుము తలైనా తిప్పలేదు.

"బ్యాటరీ పోయినట్టుండాదమ్మా," అన్నాడు మామ.

"పోయిన నెలే కొత్తది ఏసినానప్పా. ఎర్ర దీపం వెలిగింది. హారన్ గొంతు పోయింది. లోపల తుమ్మెద మాదిరి గుయ్యిమంటా ఉండాది. ఇది ఆల్టర్నేటరు." గొంతు తగ్గించి అన్నారు: "నాలుగు దినాల నించి ఎక్సిలరేటరు తొక్కితే లైట్ల వెలుగు పెరిగేది, వదిలితే తగ్గేది. చూసి కూడా పెండ్లి తొందర్లో వదిలేసినాను. తప్పు నాదే."

"అయితే పెండ్లికి చేరమా?" అంది అమ్మ ఏడుపు గొంతుతో.

"చేరతాం. బ్యాటరీలో ఉండేది పెట్రోలు మండించే నిప్పురవ్వకు చాలు. ఇంజిన్ మాత్రం ఆపకూడదు. ఇంగ ఏ స్విచ్చీ ఎవురూ ముట్టకండి."

మామ తెచ్చి పెట్టిన నాదస్వరం క్యాసెట్‌ను మిస్ సగంలో ఆపేశారు. అంతలో చినుకులు మొదలయ్యాయి. వైపర్ వేయడానికి లేదు. మామ కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, కొత్త జరీ కండువాతో అద్దం తుడుస్తూ కూర్చున్నాడు. ఎదురొచ్చినవాళ్లు ఆయనే పెళ్లికొడుకనుకుని దీవించారు.

రైల్వే గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ తరగదు. మిస్ ఎక్సిలరేటరు మీద కాలు తీయకుండా, కిటికీలోంచి తల బయటికి పెట్టి గేట్‌మ్యాన్‌తో మాట్లాడుతున్నారు. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. మిస్ తల తిప్పి చూశారు. మామ చెయ్యి తాళం మీద ఉంది.

"ఊరికే పెట్రోలు కాల్తా ఉంటే..." అన్నాడు మామ.

మిస్ తాళం తిప్పారు. టక్ మంది, అంతే. నాన్న పళ్లు కొరికాడు. మిస్ మాత్రం మామ వైపు తిరిగి, "పొద్దున ఏమన్నా తిన్నావాప్పా?" అని అడిగారు.

"లేదమ్మా," అన్నాడు మామ. మిస్ హ్యాండ్‌బ్యాగు తెరిచి బన్ను చేతిలో పెట్టారు. గేటు లేచింది.

"అందరూ దిగి తోయండి. సెకండు గేర్లో పెట్టినాను."

నాన్న, బన్ను నోట్లో పెట్టుకున్న మామ, గేట్‌మ్యాన్, పట్టుపంచె ఎగగట్టిన నేను. పట్టాలు దాటించి, అవతలి పల్లంలో పరిగెత్తిస్తూ తోశాం. కారు ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, లేచింది. వైపర్ వేసి ఉంటే, క్యాసెట్ ముగిసేదాకా విని ఉంటే ఆ నిప్పురవ్వ పుట్టేదే కాదు. మిస్‌కు మళ్లీ ఆపే ధైర్యం లేదు. "ఎక్కండి, ఎక్కండి!" అని అరుస్తూ మెల్లగా పోతూనే ఉన్నారు. నేనూ నాన్నా పరిగెత్తి ఎక్కాం. మామ ఎక్కలేకపోయాడు.

నేను మోకాళ్ల దాకా బురదతో పీటల మీద కూర్చుంటే, పెళ్లికూతురు తెర వెనక నుంచి కిసుక్కున నవ్వింది. ముహూర్తానికి నాలుగు నిమిషాల ముందు చేరాం. అప్పగింతల వేళకు మామ టమాటా బుట్టల మధ్య ట్రాక్టరు మీద వచ్చి దిగాడు. ఆయన మీద ఎవరూ నోరెత్తకుండా మిస్ పక్కనే నిలబడి భోజనం పెట్టించారు. మర్నాడు మెకానిక్ ఆల్టర్నేటరు విప్పితే, లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు రెండూ అరిగి కంది గింజంతే మిగిలాయి.

ఈరోజుకీ ఆఫీసులో ఎవరి పనైనా చెడిపోతే, కేకలు వేయబోయి ఒక నిమిషం ఆగుతాను. ఆ నిమిషం నాకు మిస్ ఇచ్చిందే.

ఆమెను చివరిసారి చూసింది రెండు నెలల కిందట. నేనూ నా భార్యా ఆమె ఇంటి నుంచి బయలుదేరుతుంటే, వద్దన్నా వినకుండా చేతికర్రతో గేటు బయటికి వచ్చారు. నేను కారు వెనక్కి తీసుకునేందుకు వీలుగా రోడ్డు మధ్యలో నిలబడి, వస్తున్న టౌను బస్సుకు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు. నేను తిప్పుకుని ముందుకు పోయి అద్దంలో చూశాను. మిస్ ఇంకా అక్కడే ఉన్నారు. కర్రతో బస్సు ముందు చక్రం వైపు చూపిస్తూ ఏదో చెప్తున్నారు. డ్రైవరు తల బయటికి పెట్టి, బడిపిల్లాడిలా వింటున్నాడు. వెనక ఆగిన బండ్లలో ఒక్కటి కూడా హారన్ కొట్టలేదు.