ఆడపిల్లల గదిలో నా కుర్చీ

మా కాలేజీలో ఒక ఆచారం ఉండేది. గంట కొట్టగానే ఆడపిల్లలు తమంతట తాము క్లాసులోకి పోకూడదు. ఆఫీసు వెనకాల, పరదా కట్టిన చిన్న గదిలో కూర్చోవాలి. పాఠం చెప్పే సారు వచ్చి బయట నిలబడి దగ్గుతాడు. అప్పుడు లేచి, ఆయన వెనక వరసగా నడిచి వెళ్లి ముందు బెంచీలో కూర్చోవాలి. పాఠం అయ్యాక మళ్లీ ఆయన వెనకే రావాలి. అరవైల మొదట్లో కరీంనగర్ జిల్లాలో ఇది ఎవరికీ వింత కాదు. ఆడపిల్ల కాలేజీ గడప తొక్కడమే గొప్ప.

ఆ కాలేజీకి నేను ఎకనామిక్స్ చెప్పడానికి వెళ్లాను. బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనివాడి బిడ్డను, పట్నంలో ఎమ్మే చదివాను. స్టాఫులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. చేరిన రోజు ప్రిన్సిపాల్ గారు నన్ను చూసి ఎంతో మర్యాదగా లేచి నిలబడ్డారు.

“మొగోళ్ల నడుమ కూసునుడు మీకు పరేషానమ్మా. మీకు వేరే ఏర్పాటు జేసినం” అన్నారు.

ఏర్పాటు ఏమిటంటే, ఆ ఆడపిల్లల గదిలోనే ఒక కుర్చీ. దానిమీద కొత్త మెత్త కూడా వేయించారు. స్టాఫు గదిలో మగవాళ్లవన్నీ ఉత్త చెక్క కుర్చీలు, మెత్త నాకొక్కదానికే. మురిసిపోయాను కూడా, ఏం చెప్పను! ఒకసారి కొత్తగా వచ్చిన చరిత్ర సారు, గుమ్మం ముందు నీళ్లు తాగుతున్న నన్ను చూసి, “నువ్వేందమ్మా, క్లాసుకు రావా?” అని గద్దించాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

నాకు ఒకే ఒక్క ఆశ ఉండేది. బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద పరిశోధన చేయాలి. కాలేజీ ఊళ్లో నేనూ, నన్ను కన్న మా అవ్వా అద్దెకున్న వీధిలో ఏ ఇంటికి వెళ్లి అడిగినా, ఒళ్లో చేట పెట్టుకుని, చేతులు ఆగకుండా ఆకు చుడుతూనే, “నేనేం పని జేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట” అనేవాళ్లు. ఇల్లు గడిచేదేమో ఆ చేట మీదే. నేను చదివిన ఏ అర్థశాస్త్రం పుస్తకంలోనూ వాళ్లు లేరు. వాళ్లను పుస్తకంలోకి ఎక్కించాలని నాకు పిచ్చి. అప్పుడప్పుడు జిల్లా కాలేజీల నుంచి ఒక లెక్చరర్‌ను జీతం ఇస్తూనే పట్నానికి పరిశోధనకు పంపేవాళ్లు. ముప్పై ఏళ్లు దాటితే తీసుకోరు, నాకేమో ముప్పై దగ్గరపడుతోంది. పిలుపు వస్తే నాకు చెప్పండి అని మా శాఖ పెద్దసారుకు ముందే చెప్పి పెట్టాను.

“జెప్పకుంటె ఎట్లనమ్మా?” అన్నాడాయన.

ఒక మధ్యాహ్నం పరదా అవతల ప్యూను పిలిచాడు. పరదా కింది నుంచి విస్తరాకులో రెండు బూందీ లడ్డూలు లోపలికి జరిపాడు.

“ఏం పండుగయ్యా?” అన్నాను.

“చిన్నసారు పట్నం పోతుండు గద మేడం, పెద్ద సదువుకు. స్టాఫు గదిల అందరు చాయ్ తాగుతుండ్రు.”

చిన్నసారు మా శాఖవాడే, నా తర్వాత చేరినవాడు. నేను ఒక లడ్డూ తిన్నాను. చేతిలో ఉంది, తిన్నాను. తీపి తెలియలేదు. రెండోది పిల్లలు పంచుకున్నారు.

తర్వాత లేచి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను.

“అయ్యో! కాయిదం స్టాఫు గదిల గోడకే ఉండె గదమ్మా, గడియారం కింద. మీరు సూడలేదా?” అన్నారాయన.

“నేను ఆ గదిలోకి రాను కదా సార్.”

ఆయన వెంటనే పెద్దసారును పిలిపించారు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

“జెప్పుదమనే వచ్చినమ్మా. లోపట ఆడివిల్లలుండిరి, పరదా ఎట్ల లేపాలె? దగ్గిన. పిల్లలు క్లాసుకేమో అని లేసి నా ఎన్క నడిసిండ్రు. ఇగ తీస్కపోయి పాఠం జెప్పిన. తర్వాత యాది మర్సిన. తప్పైందమ్మా.”

ఆ రోజు నాకు గుర్తుంది. పిల్లలు వేళ కాని వేళ వరసగా వెళ్లిపోతుంటే, నేను నా మెత్త మీద కూర్చుని మరుసటి పాఠం చూసుకుంటున్నాను.

“వచ్చేసారి తప్పకుండ మీరే. ఫికర్ జెయ్యకుండ్రి” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

“వచ్చేసారికి నాకు ముప్పై దాటుతుంది సార్.”

నాకు కోపం రావాలి. మాటకు మాట అప్పజెప్పేదాన్ని, బాయి కాడ కొట్లాటలు చూస్తూ పెరిగినదాన్ని. రాలేదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లినట్టుంది, అంతే. ఇంటికి వెళ్లి కూర్చుంటే అవ్వ నా మొహం చూసింది.

“ఏమైందే? ఏడ్వనన్న ఏడువు. గట్ల బొమ్మ లెక్క కూసోకు.”

“ఏడుపు వస్తలేదవ్వా” అన్నాను. అవ్వ అన్నం కలిపి పెట్టింది. తిన్నాను.

మరునాడు మెత్తను అక్కడే వదిలేసి స్టాఫు గదిలోకి వెళ్లాను. గడియారం కింది కుర్చీలో కూర్చున్నాను. అందరూ గబుక్కున లేచారు. “కూసోండ్రమ్మా, కూసోండ్రి” అంటూ, ఒకాయన చాయ్ గ్లాసు పట్టుకుని, ఒకాయన పేపరు మడుచుకుని, నాకు ఇబ్బంది కాకూడదని బయటికి నడిచారు. పెద్దసారు పోతూ పోతూ నాకోసం ఫ్యాను కూడా వేసి పోయాడు. కాసేపటికి వరండా చివర నుంచి వాళ్ల నవ్వులు వినిపించాయి. ఇక ఏ కబురైనా అక్కడికే పోతుంది. పోట్లాడదామంటే చెడ్డవాడు ఒక్కడూ లేడు, అందరూ మంచివాళ్లే! ఒళ్లు మండాల్సింది పోయి చల్లగా ఉంది.

గుమ్మంలో బీయే చివరి ఏడు చదివే పిల్ల నిలబడి ఉంది. నన్ను వెతుక్కుంటూ వచ్చిందట.

“మేడం, నేను ఎమ్మే సదువుత. మీ లెక్క ఎకనామిక్సే. మా బాపు వద్దన్నడు. మా అవ్వ బీడీలు జేసి సదివిస్తనన్నది.”

“లోపలికి రా. కూసో.”

“సార్ల కుర్చి మేడం.”

“సార్లు లేరు గద. కూసో.”

కుర్చీ అంచున కూర్చుంది. ఇంతలో ఎవరో సారు, మరిచిపోయిన పుస్తకం కోసమేమో, గుమ్మం అవతలికి వచ్చి దగ్గాడు. పిల్ల అలవాటు కొద్దీ చటుక్కున లేచింది. నేను దాని చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాను.

ఆయన ఇంకోసారి దగ్గాడు. మేమిద్దరం లేవలేదు.