మైకులో చెప్పినవన్నీ

మా కంపెనీ బస్సు నేనెక్కే వడమాలపేటలో పొద్దున ఐదున్నరకు ఆగేది. పుత్తూరు, నాగలాపురం దాటి సత్యవేడు చేరేసరికి ఏడయ్యేది. అక్కడ ఎక్కే ఒక అమ్మాయి కోసం నేను రోజూ పక్క సీటు మీద టిఫిన్ సంచి పెట్టి ఉంచేదాన్ని. శ్రీ సిటీలో మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో, ఒకే లైన్‌లో పనిచేసేవాళ్లం. కార్ల లోపల ఉండే వైర్లను కట్టలు కట్టి, చివర్లకు క్లిప్పులు నొక్కడం మా పని.

ఆ అమ్మాయి నాకంటే రెండేళ్లు చిన్నది. ఫ్యాక్టరీలో మాత్రం నాకంటే ఏడాదిన్నర ముందు చేరింది. పుట్టినప్పటి నుంచీ ఆమెకు చెవులు వినపడవు. చెవిటి పిల్లల బడిలో పదో తరగతి వరకు చదువుకుంది. చదవడం, రాయడం నాకన్నా బాగా వచ్చు. మేం మాట్లాడుకోవాలంటే కొన్ని సైగలు, మిగతాదంతా ఫోన్‌లో టైప్ చేసి చూపించుకోవడమే. లోపల లైన్ మీదికి ఫోన్లు తేనివ్వరు. లాకర్‌లో పెట్టి పోవాలి. అందువల్ల బస్సులోను, క్యాంటీన్‌లోను మాత్రమే మా కబుర్లు.

పొద్దున ఎనిమిదికి పని మొదలయ్యే ముందు ఒకసారి, భోజనాల వేళ ఒకసారి మైకులో విషయాలు చెప్పేవాళ్లు. ఎవరు ఏ లైన్‌కు మారాలి, సాయంత్రం ఏ బస్సు ఎన్నింటికి, క్యాంటీన్‌లో ఏముంది, ఇలాంటివి. అందరూ తలలెత్తి వింటుంటే ఆమె మా ముఖాలు చూసేది. అయిపోయాక ఏం చెప్పారని నా మోచేయి తట్టి అడిగేది. పని మొదలుపెట్టే తొందరలో అంతా ఏం చెబుతాం? అరచెయ్యి అడ్డంగా ఊపి ‘ఏం లేదులే’ అనేదాన్ని. లైన్‌లో అందరూ అంతే.

ఒకరోజు మధ్యాహ్నం వాన ముంచుకొస్తోందని, దారిలో వాగు పొంగకముందే బస్సులు బయలుదేరతాయని మైకులో చెప్పారు. నలభై నిమిషాలు ముందు. అందరం చేతిలో పని వదిలేసి లాకర్ల దగ్గరికి పరుగెత్తాం. ఆమె అప్పుడు స్టోర్‌లో క్లిప్పుల డబ్బాలు తేవడానికి పోయి ఉంది. నేను బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, అలసటకు నిద్రపోయాను. సత్యవేడులో డ్రైవర్ కేకకు లేచి చూస్తే పక్క సీటు ఖాళీగా ఉంది.

ఆమె గేటు దగ్గర ఒంటరిగా నిలబడి తడిసిందట. చివరికి సెక్యూరిటీ ఆయన వేరే దారిలో పోయే బస్సు ఎక్కించాడు. ఇల్లు చేరాక నాకు ఒక్క సందేశం పెట్టింది: ‘బస్సు ఎందుకు ముందు వెళ్లింది?’ మైకులో చెప్పారని రాశాను. ‘నాకు ఎవరూ చెప్పలేదు’ అని జవాబు. అందులో కోపమేమీ లేదు. అదే నాకు తట్టుకోవడం కష్టమైంది.

మర్నాడు భోజనాల వేళ ఆఫీసులోకి వెళ్లాను. మైకులో చదివేది అక్కడి గుమాస్తా సార్. పుత్తూరాయన, ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. చెప్పాల్సినవన్నీ ముందు కంప్యూటర్‌లో టైప్ చేసుకుని, దాన్ని చూసి చదువుతాడని నాకు తెలుసు. ఆ ఫైల్ రోజూ ఇంటర్నెట్‌లో నాకు అందేలా పెట్టగలరా అని అడిగాను. ఎందుకో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, కాసేపు గోడ మీది మైకు వైపు చూశాడు.

“ఇన్నేండ్లుగా సదవతా ఉండాను పాప. ఇనపడనోళ్లు ఒకరుండారని నాకు తోసనే లేదు సూడు” అన్నాడు. పైవాళ్ల దగ్గర అనుమతి కూడా ఆయనే అడిగి తెచ్చాడు.

నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేశాను. ఆ చదువుతో ఉద్యోగం రాలేదు, వైర్ల దగ్గర చేరాను. అప్పటి లాప్‌టాప్ మాత్రం ఇంట్లో ఉంది. మూత సరిగ్గా నిలబడదు కాబట్టి బియ్యం డ్రమ్ముకు ఆనించి పెట్టాలి. చాట్ యాప్‌లో బాట్ అని ఒకటి తయారు చేసుకోవచ్చని చదువుకునే రోజుల్లో విన్నాను. మనం ఒక మాట పంపితే మనిషి లేకుండానే జవాబిచ్చేది. ఆదివారం పొద్దున కూర్చుని, పాత నోట్సు ముందేసుకుని, రాయడం మొదలుపెట్టాను. ఎవరైనా ‘ఈరోజు’ అని పంపితే, ఈ రోజు ఫైల్ తెరువు, అందులో ఉన్నది చదువు, పంపినవాళ్లకు చూపించు. చెప్పాల్సింది అంతే. రాస్తే పాతిక వరుసలు కూడా లేవు.

ఫోన్‌లో ‘ఈరోజు’ అని పంపాను. వెంటనే జవాబొచ్చింది. కానీ తెలుగు కాదు. నెత్తిన గీతలు, చుక్కలు ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య సున్నాలు, తెరనిండా. అమ్మ చేతిలో గరిటెతో వచ్చి తొంగిచూసింది.

“ఇదేం బాస పాప? అరవమా?”

“తెలుగే మా. కంప్యూటరు దాన్ని తప్పుగా సదవతా ఉండాది.”

ఫైల్‌లో అక్షరాలుండవు, అంకెలుంటాయి. ఏ అంకె ఏ అక్షరమో, వాటిని ఏ పద్ధతిలో చదవాలో ముందే చెప్పకపోతే కంప్యూటర్ తనకు తోచినట్టు చదువుకుంటుంది. ఈ పాఠం పరీక్షకు బట్టీపట్టాను గానీ, దాని అర్థం ఆ ఆదివారం దాకా నాకు తెలియదు. ఫైల్ తెరిచే చోట ఆ పద్ధతి పేరు ఒక్కటి చేర్చి మళ్లీ పంపాను.

అప్పుడు వచ్చింది తెలుగు. సెలవు రోజు గనక ఫైల్‌లో ఇంకా శనివారానివే ఉన్నాయి. గుమాస్తా సార్ టైప్ చేసిన ప్రతి మాటా, దీర్ఘాలూ ఒత్తులతో సహా, నా చేతిలో. ఆ మాటలు నేను టైప్ చేయలేదు, ఎవరూ పంపలేదు. బియ్యం డ్రమ్ము పక్కన ఉన్న ఒక యంత్రం ఫైల్ తెరిచి, చదివి, నాకు చూపించింది. చదువుకునే రోజుల్లో ఇంతకన్నా పెద్ద ప్రోగ్రాములు రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. ఒక్కసారీ ఒళ్లు జలదరించలేదు. ఆ రోజు మాత్రం అమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచినా లేవలేదు. మళ్లీ మళ్లీ ‘ఈరోజు’ అని పంపుతూ, అది మళ్లీ మళ్లీ చదివిపెడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

సోమవారం లాప్‌టాప్ ఆపకుండా ఇంట్లోనే వదిలి వచ్చాను. సత్యవేడులో ఆమె ఎక్కగానే ఏం చేయాలో చూపించాను. ఆ రోజు చదవబోయేది గుమాస్తా సార్ ముందుగానే ఫైల్‌లో పెట్టి ఉంచాడు. ఆమె తన ఫోన్‌లో ‘ఈరోజు’ అని పంపింది. వచ్చింది ఇది:

‘మెయిన్ గేటు కాడ పాము కనపడింది. ఆ పక్క గడ్డిలోకి ఎవురూ పోవాకండి. ఈ పొద్దు క్యాంటీన్‌లో సాంబారుకు బదులు పప్పుచారు. రెండో లైన్ పాప పోగొట్టుకున్న చెవి కమ్మ దొరికింది, ఆఫీసులో ఉండాది. నాలుగో లైన్ అన్నకు ఆడబిడ్డ పుట్టింది, అందరికీ మిఠాయి ఇస్తాడంట.’

ఆమె చదివింది. మొదటికి పోయి మళ్లీ చదివింది. తర్వాత టైప్ చేసి ఫోన్ నా వైపు తిప్పింది.

‘అక్కా, రోజూ ఇంత మాట్లాడతారా?’

అవునని తలూపాను. ఇన్నాళ్లూ ‘ఏం లేదులే’ అని చెయ్యి ఊపిన మనిషిని నేనే గదా. కిటికీలోంచి బయటికి చూడాలనిపించింది. కానీ ఆమె ముఖంలో నిష్ఠూరం లేదు. కళ్లు ఇంతవి చేసుకుని, ఆ నాలుగు మాటలనే చూస్తోంది. పాము, పప్పుచారు, ఎవరి కమ్మో, ఎవరి బిడ్డో. వాటిని అలా చూసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత ఒక మాట మీద వేలు పెట్టి అడిగింది: ‘ఉండాది అంటే ఏమిటి?’

‘ఉంది’ అని రాశాను.

‘మీరందరూ ఇలాగే అంటారా?’

‘అందరం. మీ ఇంట్లో కూడా.’

ఆమె నేర్చుకున్నది పుస్తకాల తెలుగు. సత్యవేడులో పుట్టి పెరిగి, ఇంట్లో రోజూ అందరూ అనే మాటను ఆ సోమవారం బస్సులో మొదటిసారి కళ్లతో చూసింది. గుమాస్తా సార్‌కు మాట్లాడినట్టే టైప్ చేసే అలవాటు ఉండబట్టి సరిపోయింది. ‘అందుకే అందరి పెదాలు నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు కదులుతాయి’ అని రాసి, చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వింది.

వారం తిరగకముందే పాత రోజులవి కూడా కావాలని అడిగింది. గుమాస్తా సార్‌ను అడిగితే, ఏ ఫైలూ చెరపలేదని, తేదీ పేరుతో అన్నీ దాచి ఉంచానని చెప్పాడు. “దేనికి దాస్తా ఉండానో నాకే తెలీదు పాప. ఇప్పుడు తెలిసింది” అన్నాడు. తేదీ పంపితే ఆ రోజు ఫైల్ తెరిచేలా బాట్‌ను మార్చాను. ఆమె తాను చేరిన రోజు నుంచి మొదలుపెట్టింది. సత్యవేడు నుంచి శ్రీ సిటీకి పోయేలోపు కొన్ని రోజులు, వచ్చేటప్పుడు కొన్ని రోజులు. ఎప్పుడో అయిపోయిన వానలు, మారిపోయిన బస్సులు, తిని మరిచిపోయిన కూరలు, అన్నీ వరుసగా చదివింది. మధ్యలో ఆగి ‘ఓహో, ఆ రోజు అందరూ పరుగెత్తింది ఇందుకా!’ అని రాసేది.

ఒక తేదీకి బాట్ జవాబివ్వలేదు. ఆ రోజు తర్వాతి రోజులు వస్తున్నాయి, అది మాత్రం రావడం లేదు. ఆమె వదల్లేదు. నేను ఇంటికి వచ్చి చూస్తే, సందేశం మరీ పొడవుగా ఉందని లాప్‌టాప్‌లో ఎర్రటి వరుస ఒకటి కనిపించింది. ఆ రోజు ఏదో వేడుక జరిగింది, ఫైల్ పెద్దది. పైగా మన కంటికి ఒక అక్షరంగా కనబడేది కంప్యూటర్ లెక్కలో రెండో మూడో అవుతుందట. రెండు ముక్కలు చేసి పంపమని బాట్‌కు రాశాను. పంపింది గానీ, ‘అభినందనలు’ అనే మాట నడుమకు తెగింది. భ మీది గుడి ఊడిపోయి, రెండో ముక్క మొదట్లో చుక్కల సున్నా మీద కూర్చుంది. వరుస పూర్తయిన చోటే తెంచమని సరిచేశాను. చదవడం మాత్రం ఆమెకే వదిలేశాను.

మర్నాడు బస్సులో ఆమె ఆ తేదీ పంపింది. మొదటి ముక్క చదివి, రెండోదానిలో సగం దాకా పోయి ఆగిపోయింది. ఫోన్ నా ఒడిలో పెట్టింది. ఏడాదంతా ఒక్క వైరు కూడా తప్పు కలపనివాళ్ల పేర్లు ఆ రోజు మైకులో చదివారు. మొదటి పేరు ఆమెదే. కింద గుమాస్తా సార్ రాసుకున్నాడు: ‘అందరూ ఈ పాపకు గట్టిగా చప్పట్లు కొట్టండి.’ బహుమతులేం ఇవ్వలేదు, పేర్లు చదవడమే. అప్పటికి నేనింకా ఆ ఫ్యాక్టరీలో చేరలేదు.

ఫోన్ మళ్లీ తీసుకుని టైప్ చేసి నా వైపు తిప్పింది.

‘నాకు గుర్తుంది అక్కా. అందరూ నన్ను చూసి చప్పట్లు కొట్టారు. ఎవరికో అనుకున్నాను. నేను కూడా కొట్టాను.’

బస్సు టోల్‌గేట్ దగ్గర ఆగింది, మళ్లీ కదిలింది. ఆమె ఫోన్ తన వైపు తిప్పుకుని ఆ వరుసను ఫోటోలా దాచుకుంది. తర్వాత కన్నీళ్లు తుడుచుకోకుండానే, ఆగిన చోటి నుంచి మిగతా పేర్లు కూడా ఒక్కొక్కటీ చదివింది.

ఆ తర్వాత మా లైన్‌లో మిగతావాళ్లూ బాట్ వాడటం మొదలుపెట్టారు. ఎప్పుడూ తిరుగుతూనే ఉండే మిషన్ల మోతలో మైకు సగం వినపడక, వాళ్లూ పక్కవాళ్లను అడుగుతూ బతికేవాళ్లేనని అప్పుడు తెలిసింది. గుమాస్తా సార్ రాసే పద్ధతి మారింది. ఎక్కువ రాసేవాడు, తీరిగ్గా రాసేవాడు. ఆకాశం ఎట్లా ఉందో కూడా ఒక వరుస రాసేవాడు.

కొన్నాళ్లకు ఆమె నాకు ఒక టెక్స్ట్ ఫైల్ పంపింది. ‘ఇది నేను రాసినది. ఇది కూడా బాట్ చూపిస్తుందా?’ అని అడిగింది. మా లైన్‌లో తాను గమనించినవన్నీ అందులో ఉన్నాయి. క్లిప్పులు నొక్కే మిషన్లు ఐదు. ఏ మిషన్ బల్ల మీద చెయ్యి పెడితే ఎలా అదురుతుందో ఒక్కోదానికి రెండు వరుసలు రాసింది. చివర్న ఇలా ఉంది: ‘మూడో మిషన్ అదురు మూడు రోజులుగా మారింది. అడుగున ఏదో అరుగుతోంది.’

ఆ ఫైల్ చూపిస్తే మెకానిక్ వచ్చి చెవి ఆనించి విన్నాడు. “నాకైతే బాగానే ఇనపడతా ఉండాది మా” అన్నాడు. అయినా ఆమె ముఖం చూసి, భోజనాల వేళ మిషన్ ఆపి అడుగు విప్పాడు. లోపలి బేరింగ్ ఒక పక్క అరిగిపోయి, గోరు పట్టేంత గాడి పడి ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమెకు చూపించాడు. దాన్ని బల్ల మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

మరుసటి రోజు నుంచి ‘మిషన్’ అని పంపితే ఆమె ఫైల్ వస్తుంది. ప్రతి శనివారం ఆమె దాన్ని కొత్తగా రాస్తుంది. ఆ అదురు పసిగట్టడం నాకూ నేర్పమని అడిగాను. నా చెయ్యి తీసుకుని మూడో మిషన్ బల్ల మీద ఆనించింది. ఇనుము చల్లదనం తప్ప నాకేమీ తెలియలేదు. కాదన్నట్టు తలూపి, నా అరచేతిని రెండు వేళ్లంత పక్కకు జరిపి, కళ్లు మూసుకోమని సైగ చేసింది.