షుగర్ తక్కువన్నరు

నా బిడ్డ లాస్యకు అడుగులు పడుతున్నప్పుడు మోకాలు చెక్కుకపోయింది. చిన్న పుండే గని మానలే. చుట్టూ ఎర్రగ వాచింది, చుక్క చీము గూడ రాలే. జ్వరంతోని ఒళ్లు కాలిపోయింది. కర్దనూర్‌ల మా వాడోళ్లు దిష్టి అన్నరు. నేను మటుకు బిడ్డనెత్తుకొని బస్సెక్కిన.

పటాన్‌చెరు దవాఖానల యాంటీబయాటిక్ రాసిండ్రు. తగ్గుడు, మళ్ల వచ్చుడు. చెవిల, చిగుళ్లల వాపు, నిమోనియా ఒకసారి. తన ఈడు పిల్లలు గలగల మాట్లాడుతుంటే నా బిడ్డ నోరు విప్పలే. ఆఖరికి హైదరాబాద్ తోలిండ్రు. డబ్ల్యూబీసీ కౌంట్, అంటే నెత్తుర్ల తెల్లకణాల లెక్క, చానా ఎక్కువున్నదని జెనెటిక్ టెస్ట్ చేసిండ్రు.

రిపోర్ట్ వచ్చిన్నాడు నేను వార్డుల బిడ్డ కాడున్న, మా ఆయన జిన్నారంల డ్యూటీకి పోయిండు. డాక్టర్ సార్ మా అత్తమ్మకు చెప్పిండు: "తెల్లకణాల మీద ఒక షుగర్ తక్కువున్నదమ్మా." ఆమెకు గంతే వినవడ్డది. ఇంటికి రాంగనే వాడంత చెప్పింది. ఒకరు లడ్డూలు తెచ్చె, ఒకరు బెల్లం తెచ్చె. "తిను బిడ్డా, మాటలొస్తయ్" అని అత్తమ్మ పొద్దుపొద్దున్నే నోట్లె చక్కెర పోసేది. వద్దంటే, "నీకేం ఎరుక? సారే చెప్పిండు" అని నా మీదికి లేచేది. చిగుళ్లు ఇంకింత ఉబ్బినయ్.

మళ్ల పోయినప్పుడు నేనే అడిగిన, "ఏ షుగర్ సార్?" అని.

"ఇంట్ల చక్కెర కాదమ్మా, ఫ్యూకోజ్ అని వేరే ఉంటది. అది లేకపోతే తెల్లకణాలకు పుండు కాడ ఆగుడు తెల్వదు. కంపెనీ బస్సు నిండ మనుషులున్నా స్టేజీ కాడ ఆగకుంటే ఏం ఫాయిదా? గట్ల."

ఆ ఫ్యూకోజ్ పొడి తెప్పిచ్చి, సార్ చెప్పినంత నీళ్లల కలిపి తాపినం. జ్వరాలు తగ్గుకుంట వచ్చినయ్. ఇగ మాట్లాడుతది అనుకున్నం అత్తమ్మ, నేను. ఏడాది అయినంక అడిగిన, "అమ్మ అని ఎప్పుడు పిలుస్తది సార్?"

ఆయన పెన్ను పక్కకు పెట్టిండు. "జ్వరాలకు పనిచేస్తదమ్మా. మాటలు రానిది గూడ ఈ జబ్బుతోనే, గని మాటలకు చెయ్యదు."

బయట బెంచీ మీద అత్తాకోడళ్లం ఒకల్లను ఒకలం పట్టుకొని ఏడ్చినం.

ఇప్పుడు లాస్య బడి ఈడుకొచ్చింది. జ్వరాలు లేవు, మాటలు గూడ లేవు. ఆకలైతే నా కొంగు గుంజుతది. అత్తమ్మ "అన్నం తింటవా బిడ్డా?" అని అడిగి, "ఆఁ, తింట నానమ్మా" అని తనే జవాబు చెప్పుకుంటది.

నాలాంటి తల్లులకు ఒక్కటే చెప్త. మందు దేనికి పనిచేస్తదో అడుగుతరు గద, దేనికి చెయ్యదో గూడ ఆ పొద్దే అడుగుండ్రి. పొడి తాపినప్పుడల్లా నేను బిడ్డ నోటి దిక్కే చూసేదాన్ని. అన్నీ తెలిసినంక గూడ, ఇప్పటికీ చూపు ఆడికే పోతది.