మింగని గోళీలు

మా అక్క ఆదెమ్మ భర్త వెంకటరామారావు డాక్టరు కాదు. చండ్రుగొండ దగ్గర ఇరవై ఏళ్లుగా వైద్యం చేస్తున్న ఆర్ఎంపీ. జలుబుకైనా దగ్గుకైనా, దోమ కుట్టి దద్దురు లేచినా యాంటీబయాటికే ఇస్తాడు. అట్టలోంచి ఊడదీసి కాగితంలో పొట్లం కడతాడు, మింగేవాళ్లకు పేరు కూడా తెలియదు. చుట్టుపక్కల తండాలకు ఆయన దేవుడు. నాకు ఆ పొట్లాలు చూస్తేనే ఒళ్లు మండేది.

2008 ఎండాకాలంలో పంటినొప్పికి తన మందు తానే పదిహేను రోజులు మింగాడు. విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకు పద్దెనిమిది సార్లు. ఖమ్మంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసే ఆసుపత్రిలోనే చేర్చాం. తగ్గి ఇంటికెళ్లేవాడు, పది రోజులకు మళ్లీ మొదలయ్యేది. నాలుగోసారికి మనిషి మంచానికి అతుక్కుపోయాడు. ఆ కంపు గది దాటి వరండాలోకి కొట్టేది.

పెద్ద డాక్టరు నన్ను పిలిచారు. "కడుపులో మంచి క్రిములన్నీ చచ్చాయి. చెడ్డది ఒక్కటే మిగిలింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం సెలైన్‌లో కలిపి, వడకట్టి, ఎనిమాగా ఎక్కించాలి. విదేశాల్లో కొందరు చేశారు. ఇది కాకపోతే ఈయన దక్కడు. అయితే మలం ఇచ్చేవాళ్లు ఆర్నెల్లుగా యాంటీబయాటిక్ ముట్టి ఉండకూడదు."

అక్కడే వచ్చింది చిక్కు. అక్క దగ్గుకు మింగింది. మేనల్లుడు జయప్రకాశ్ మొటిమలకు మింగాడు. నేనూ పడిశానికి మింగినవాణ్ణే. ఏమని అడగాలో తెలియక సిగ్గుతో చస్తూ ఇల్లిల్లూ తిరిగాను. చివరికి తండాలో మిరప కోతలకెళ్లే జంపక్క తల దించుకుని ఒక రేకుడబ్బా తెచ్చి మూత తీసింది. అందులో రెండేళ్లుగా మా బావ ఇచ్చిన గోళీలన్నీ ఉన్నాయి.

"గొంతు దిగయి సారు. కక్కొస్తది. వద్దంటే డాక్టరు సారు నొచ్చుకుంటడని తెచ్చుకునుడే. ఆయనకు చెప్పకుండ్రి."

చెప్పనన్నాను. వచ్చిన పని వివరించాను. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఛీ. గిదేం మందు సారు?" డబ్బాకు మూత పెట్టింది. "బతుకుతడంటే తీస్కపోండ్రి."

పరీక్షలన్నీ చేశాను, ఏ దోషమూ లేదు. గుడ్డలో వేసి పిండుతుంటే రెండుసార్లు వాంతి చేసుకున్నాను. నెల రోజులు పప్పుచారు ముట్టలేదు. అయినా ఆ రోజు నాకు నిజంగా అసహ్యం వేసింది మా బావ మాటకే.

"తండాదానిదా? మనవాళ్లది దొరకలేదట్రా?"

ఒళ్లు మండి నోరు జారాను. "మనవాళ్లంతా నీ మందు మింగారు బావా. ఆవిడ ఒక్కతే మింగకుండా డబ్బాలో పోసింది."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. నర్సు ఎక్కించింది. మూడో రోజుకు విరేచనాలు ఆగాయి. రెండు నెలల్లో మనిషి మళ్లీ మనిషయ్యాడు, అరుగు మీద పొట్లాలూ మొదలుపెట్టాడు.

దసరాకు వెళ్లినప్పుడు అక్కడే కూర్చున్నాను. జంపక్క దగ్గుతూ వచ్చింది. బావ ఈసారి పొట్లం కట్టలేదు. ఒక గోళీ ఆమె చేతిలో వేశాడు.

"ఇక్కడే, నా ముందే మింగు. నా మందు డబ్బాలో పోస్తున్నావంటగా."

ఆమె నావైపు చూసింది. ఒక్క మాటతో ఆపగలిగినవాణ్ణి, టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. నా మీద నాకే రోత పుట్టింది. బావ ఆమెకు గ్లాసు ఇవ్వలేదు, చెంబు ఎత్తి దోసిట్లో నీళ్లు పోశాడు. మొదటిది కక్కేసింది. ఆయన ఇంకోటి ఇచ్చాడు. కళ్లనీళ్లు కారుతుండగా అది మింగి, ఆయన చెప్పినట్టు నోరు తెరిచి చూపించింది.