నాయన పేరుకి అర్థం

పొద్దున ఆరున్నరకి జూబ్లీ బస్‌స్టాండులో మెదక్ బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకి జీరో టికెట్టు, నర్సాపూర్ మీదుగా రెండున్నర గంటలు. నాయన సమాధిరాయి చెక్కించాలి. దానికంటే ముందు, ఆయన పేరుకి అర్థం మా మేనత్తకి చెప్పాలి. చెప్పుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు.

నాయన పేరు నీరుడి స్టీవర్ట్. కాన్పు కష్టమైతే మిషన్ దవాఖానాలో స్కాట్లండ్ డాక్టరమ్మ తల్లీబిడ్డల్ని బతికించిందట. నానమ్మ ఆమె పేరే బిడ్డకి పెట్టుకుంది. అది ఆమె ఇంటిపేరని ఎవరికీ తెలియదు. అలా నాయనకి ముందూ ఇంటిపేరే, వెనకా ఇంటిపేరే. బడిలో దొర అని ఏడిపించేవారట. ఊళ్ళో ఒక అతిథిగృహానికి కాపలా ఉండి, అద్దె ఇంట్లోనే పోయాడు. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు: "బిడ్డా, నా పేరుకు అర్థమేందో జర చూసి చెప్పరాదు?" రేపు చూస్తాలే అనేదాన్ని. రేపటికి రూపు లేదు.

నర్సాపూర్‌లో టీకి పది నిమిషాలు ఆపారు. అక్కడ ఎక్కిన శివ్వంపేట పెద్దమ్మ నా సంగతి విని, ఉడకబెట్టిన పల్లికాయలు చేతిలో పోసింది. "నాయన పోతె ఊరు గుడ దూరమైతది బిడ్డా" అంది.

తొమ్మిదింటికి అత్త ఇంటికి చేరాను. స్టీవర్ట్ అంటే ఇల్లు కాపాడేవాడనీ, స్కాట్లండ్‌లో రాజుగారి ఇల్లు చూసే ఉద్యోగం తరతరాలుగా చేసిన వాళ్ళకి అదే ఇంటిపేరైందనీ చెప్పాను. అత్త అడిగింది:

"మా తాత చెరువు నీళ్ళకు కావలుండెటోడు. గందుకే మనం నీరుడోళ్ళమైనం. గాళ్ళది గూడ గట్లనేనా?"

గట్లనే అన్నాను. అత్త కొంగు కళ్ళకి అద్దుకుంది.

"గీ ముచ్చట వాడుండంగ చెప్తె ఎంత సంబురపడుతుండెనో."

అత్త అన్నం పెట్టింది. తిని రాయి చెక్కే చోటికి వెళ్ళాను.

రాయి చెక్కే ఆయన, నాయన పేరు కింద ఏ వాక్యం వెయ్యాలని అడిగాడు. ఇక్కడ ప్రతి సమాధి మీదా బైబిల్ వాక్యం ఉంటుంది. "ఇల్లు కాపాడినవాడు" అని రాసిచ్చాను.

"గిది ఏ అధ్యాయం మేడం?"

"అధ్యాయం కాదు, ఆయన పేరే."

మధ్యాహ్నం రెండింటికి తిరుగు బస్సు. చర్చి చూడటానికి మెదక్ వచ్చేవాళ్ళు పదింటిలోపే రండి, తర్వాత ఎండ మండిపోతుంది. నేనీసారి లోపలికి వెళ్ళలేదు. ఆ అర్థం ఫోన్‌లో వెతికితే అర నిమిషంలో దొరికింది, నాయన పోయిన పదకొండో రోజున. చాలా బాధగా ఉంది. బస్సు కదిలాక, ఎక్కానని చెప్పడానికి అలవాటుగా నాయన నంబరు తీశాను.