ఎందుకంటే బడే సాబ్

ఆదోనిలో దేవేంద్రప్పగారి పత్తి మిల్లు గుమాస్తా బడే సాబ్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కారణం చెప్పకుండా ఏ పనీ చేయలేడు. ఔనన్నా ఎందుకో చెప్పాలి, కాదన్నా ఎందుకో చెప్పాలి, తుమ్మినా ఎందుకు తుమ్మాడో చెప్పాలి.

హోటల్లో ఎవరైనా పాపం తెలియక “టీ తాగుతావా సాబూ?” అన్నారో, అంతే. “వద్దప్పా. ఎందుకంటే...” అని పొద్దున తిన్న ఉగ్గాని దగ్గర ఎత్తుకునేవాడు. తన కడుపు, తన నాయన కడుపు, హోటలు పాలల్లోని నీళ్లు అన్నీ చుట్టి వచ్చేసరికి ఎదుటివాడి టీ చల్లారిపోయేది. “పారబోయొద్దు, ఇట్లియ్యి. ఎందుకంటే...” అని అదీ తనే తాగేవాడు.

ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు “యాడికి?” అంటే ఊరి పేరు చెప్పి ఊరుకోడు. అక్కడి నేతగాళ్ల దగ్గర దుప్పటి కొనాలి, ఎందుకంటే పాతది చిరిగింది, ఎందుకు చిరిగిందంటే... కండక్టరు టికెట్టు చేతిలో కుక్కి పారిపోయినా, దుప్పటి కథ పక్క సీటువాడికి ఊరొచ్చేదాకా నడిచేది. అంతెందుకు, నికా నాడు ఖాజీగారు “కబూల్ హై?” అని అడిగితే “కబూల్ హై. క్యోంకి...” అని మొదలుపెట్టాడట. మామగారు ఒక్క ఉరుకున వచ్చి నోరు మూశాడు. ఆ మిగిలిన భాగాన్ని భార్య జొహరాబీ అప్పటినుంచీ వింటూనే ఉంది.

ఇలాంటి మనిషి చేతికి మిల్లులో ఉద్యోగాలు పీకే కాగితాలు రాసే పని వచ్చింది. కొత్తవాళ్లందరికీ ఆరు నెలలు ప్రొబేషను. ఆ గడువు తీరేముందు వాళ్లను సాగనంపడం దేవేంద్రప్పకు అలవాటు. పర్మనెంటు అయితే నెత్తినెక్కుతారని భయం. ప్రొబేషనులో ఉన్నవాణ్ని పంపడానికి కారణం అక్కర్లేదని, “మీ సేవలు ఇక అవసరం లేదు” అని ఒక్క ముక్క చాలునని వకీలు చెప్పిన రోజున ఆయన మిల్లంతా మిఠాయి పంచాడు.

కారణం అక్కర్లేని కాగితమా! బడే సాబ్ ప్రాణం విలవిల్లాడిపోయింది. అతని చేతినుంచి అలాంటి ఒక్క ముక్క కాగితం వచ్చింది ఒకే ఒక్కసారి. పత్తి ఏరే ఆడవాళ్ల కొంగులు లాగే మాదన్న అనేవాణ్ని పంపినప్పుడు. సాబుకు ఆ పూట జ్వరమేమో అనుకున్నారు అందరూ.

తర్వాత వంతు దూదిబేళ్లు కట్టే హుసేనప్పది. వాడి ఊరు కోసిగి. ఈ పని నిలిస్తే ఇక ఏటేటా సంసారం నెత్తిన పెట్టుకుని సుగ్గికని ఊరుగాని ఊళ్లకు కూలికి పోనక్కర్లేదు. భార్య సుంకమ్మ ఆ ధైర్యంతోనే పెద్దపిల్లను ఆదోని బడిలో వేసింది.

గడువు దగ్గరపడిన ఒక పొద్దున, ఆఫీసు కిటికీ పక్క బీడీ ముట్టించబోయిన హుసేనప్పకు లోపలి మాటలు వినపడ్డాయి.

“సాబూ, ఆ హుసేనప్పకు ఒక్క ముక్క రాసి పారెయ్.”

“రాస్తా సామీ. కానీ వాడు మీ నడక నడిచి సూపిచ్చి ఆడోళ్లను నవ్విస్తాడు, తెలుసునా?”

“నా నడకనా!” కుర్చీ కిర్రుమంది. “రాయి! అది గూడా రాయి!”

“నిద్ర గూడా...”

“అన్నీ రాయప్పా! ఏమేమున్నాయో అన్నీ రాయి!”

హుసేనప్ప బీడీ చేతిలోనే నలిగిపోయింది. సాయంత్రం బడే సాబ్ వాణ్ని మిల్లు ముంగిట నిలబెట్టి మరీ కాగితం చదివి వినిపించాడు. ఎందుకంటే తన రాత ఎవరికీ అర్థం కాదట. “హుసేనప్ప బేళ్ల మీద గురకపెట్టి నిద్రించును. లేపినవారిని వారి తాతలతో సహా తిట్టును. ఉరుకుంద జాతరకు చెప్పక పోయెను. ప్రసాదము అందరికీ పంచి మేస్త్రీని మరచెను. యజమానివారి నడకను బాతు నడకగా ప్రదర్శించును. కావున ఈ నేరములకు శిక్షగా తొలగించడమైనది.” ముంగిలి ముంగిలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. హుసేనప్పకు మాత్రం సాబును దూదిబేళ్లతో కలిపి కట్టెయ్యాలనిపించింది.

“ఉద్యోగం పీకితే పీకె. బాతు సంగతి ఎందుకప్పా ఊరంతా సెప్పేది?” అని వాడు ఇంట్లో ఏడిస్తే, సుంకమ్మ కాగితం కొంగున కట్టుకుని వాణ్ని లేబరు ఆఫీసుకు ఈడ్చింది. అక్కడి నుంచి మిల్లుకు నోటీసు వెళ్లి, అందరూ ఆఫీసరు ముందు చేరేసరికి ఆరు నెలల గడువు కాస్తా దాటిపోయింది.

ఆఫీసరు గుంటూరు వైపు ఆయన. కాగితం గట్టిగా చదవసాగాడు. గురక దగ్గరికి రాగానే సుంకమ్మ తలూపింది. “అది నిజమే సార్. ఇంట్లో గూడా అంతే.”

“నోరు మూసుకోయే! సుగ్గికి పోతామే!” అని హుసేనప్ప కాలు తొక్కాడు.

“తిట్లు గూడా నిజమే సార్,” అంది సుంకమ్మ కాలు లాక్కుంటూ.

ఆఫీసరు నవ్వు ఆపుకుని దేవేంద్రప్ప వైపు తిరిగాడు. “మీరు ఒక్క ముక్కలో పంపించి ఉంటే నేను అడగడానికేమీ లేదండీ. ఇన్ని నేరాలు మోపి శిక్ష అని రాశారే, ఇతన్ని విచారణ చేశారా?”

“ప్రొబేషను గదా సార్! విచారణ ఎందుకు?”

“ప్రొబేషనైనా సరే, నింద వేస్తే జవాబు చెప్పుకోనివ్వాలి. కోర్టుకెళితే ఈ కాగితం నిలవదు. జీతంతో సహా వెనక్కి తీసుకోమంటారు. ఇప్పుడు ఒక్క ముక్క రాసి పంపుదామన్నా ఆరు నెలలు దాటిపోయాయి. మీ ఇష్టం.”

దేవేంద్రప్ప బడే సాబ్ వైపు చూసిన చూపుకు దూదిబేలు అంటుకునేది.

“తప్పయింది సామీ. ఎందుకంటే...”

“ఎందుకో సెప్పొద్దు!” అని అరిచి, హుసేనప్పను పర్మనెంటు చేస్తున్నట్టు సంతకం పెట్టి, ఆఫీసు మెట్లు దిగాడు. అచ్చం బాతులాగే దిగాడు. సాబును కూడా పీకేద్దామనే అనుకున్నాడు గానీ, ఆ కాగితం రాయాల్సింది మళ్లీ సాబే.

సుంకమ్మ నేరుగా బడి దారి పట్టింది. హుసేనప్ప మాత్రం కోపంగా సాబును వెతుక్కుంటూ హోటలుకు బయలుదేరాడు. సగం దారిలో, ఒక్క ముక్క కాగితంతో పోయి మళ్లీ రాని మాదన్న గుర్తొచ్చాడు. నడక నెమ్మదించింది. హోటలు చేరేసరికి కోపం యాడ పడిపోయిందో తెలియలేదు.

“సాబూ, మాదన్నకు ఒక్క ముక్కే రాస్తివి. నాకు ఇంత పురాణం రాస్తివి. ఎందుకప్పా?”

సాబును ఎందుకని అడిగినవాడు ఆదోనిలో అంతవరకూ లేడు. ఒకాయన చెప్పులు వేసుకున్నాడు. హోటలాయన పొయ్యి మంట తగ్గించాడు.

బడే సాబ్ గడ్డం గోక్కున్నాడు. వీధిలో పోతున్న పత్తి బండిని చివరిదాకా చూశాడు.

“ఊరికేప్పా,” అన్నాడు.

హోటలాయన చేతిలో గరిటె జారింది. హుసేనప్ప రెండు టీలు చెప్పాడు. బడే సాబ్ వద్దనలేదు. పొగలు కక్కుతుండగానే ఊదుకుని తాగేశాడు.